తెలిసినదాని నుండి తెలియనిదానికి

(వయోజనులకు వృత్తి శిక్షణ నిచ్చు బోధకులను, గ్రామ పెద్దలను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతములలో నేడు పెద్దవారి కొరకు పలు విధములైన వృత్తి శిక్షణ తరగతులు జరుగుచున్నవి. కుట్టుపని, తాపీపని, విద్యుత్ పని, పాడి, పుట్టగొడుగుల పెంపకము, జీడిపప్పు శుద్ధి మొదలగు పనులు నేర్పుచున్నారు. భవనములున్నవి, యంత్రములున్నవి, కొన్నిచోట్ల భోజన వసతియు కలదు. మొదటి దినమున తరగతి నిండుగా నుండును. పదియవ దినమునకు సగము బల్లలు ఖాళీ యగుట మీలో పెక్కుమంది చూచియే యుందురు. కారణ మడిగినచో, "వీరికి శ్రద్ధ లేదండీ" అను సమాధానము సిద్ధముగా నుండును. ఈ సమాధానము ఎంతవరకు సత్యమో నేడు మీతో కలిసి విచారింపదలచినాను.

ముందుగా నా పొరపాటు నొకదానిని మీ యెదుట ఒప్పుకొనవలసి యున్నది. కొన్నేండ్ల క్రిందట ఒక గ్రామమున స్త్రీలకు కుట్టు శిక్షణ తరగతి ప్రారంభమగుచుండగా, ఛాయాచిత్రములు తీయించుటకై నేను వెళ్లితిని. హాజరు పట్టీలో అందరును వరుసగా సంతకములు చేయుచున్నారు. నలుబది యేండ్లు దాటిన ఒకామె వంతు వచ్చినది. ఆమెకు సంతకము రాదు. వెంటనే సిరా దిండు తెచ్చి యామె ముందుంచినారు. ఆ దృశ్యము ప్రచారమునకు బాగుండునని తలచి, "అమ్మా, వేలు కొంచెము అట్లే పట్టుకొనండి" అని నేను కోరితిని. ఆమె తల వంచుకొని అట్లే పట్టుకొన్నది. చిత్రము చక్కగా వచ్చినది. మరునాటి నుండి ఆమె తరగతికి రాలేదు.

వారము గడచిన పిమ్మట వేరొక పనిమీద ఆ యూరికే వెళ్లి, ఆమె యింటి అరుగు వద్ద ఆగి, ఎందుకు మానివేసినారని అడిగితిని. ఆమె కోపగించుకొనలేదు. ఆమె చెప్పిన మాటను ఆమె పలుకులలోనే మీకు వినిపించెదను.

"బాబూ, నాను కుట్టు నేర్సుకుందామని వచ్చినాను గానీ, నాకు సదువు రాదని పదిమందికీ సూపించుకుందామని రానేదు."

ఆమెకు శ్రద్ధ లేదని ఎవరనగలరు? శ్రద్ధ లోపించినది మా వైపుననే.

ఇది ఒక్కరి కథ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము నాటి శ్రీకాకుళం జిల్లాలో అక్షరాస్యత 61.74 శాతము, విజయనగరం జిల్లాలో 58.89 శాతము. స్త్రీలలో చూచినచో శ్రీకాకుళమున 52.08 శాతము, విజయనగరమున 49.87 శాతము మాత్రమే. అనగా నాడు విజయనగరం జిల్లా స్త్రీలలో సుమారు సగము మందికి చదువను వ్రాయను రాదు. ఆ తరువాత చిన్నపిల్లలు బడులకు వెళ్లి చదువుకొనినారు. కాని నాడు ముప్పది యేండ్లున్న నిరక్షరురాలు నేడు నలుబదియైదేండ్లకు చేరువైనది. మన శిక్షణ తరగతులకు పని నేర్చుకొనుటకు వచ్చుచున్నది ఆమెయే. మన పాఠము కాగితముతో మొదలై కాగితముతోనే ముగిసినచో, ఆమెను గుమ్మము వద్దనే వెనుకకు పంపినట్లగును.

ఒక తరగతిలో ఎవరెవరు కూర్చుందురో గమనింపుడు. పది తప్పిన యువకు డొకడు; ఇరువదేండ్లు హైదరాబాదులో భవన నిర్మాణపు పనిచేసి తిరిగివచ్చిన మేస్త్రి యొకడు; చంటిబిడ్డతో వచ్చిన తల్లి; సముద్రముపై వేటకు వెళ్లు మత్స్యకారుడు; సీతంపేట కొండలనుండి దిగివచ్చిన సవర యువతి; ఇచ్ఛాపురము వైపు నుండి వచ్చిన, ఇంట ఒడియా మాటలాడు స్త్రీ. వీరి వయస్సులు వేరు, భాషలు వేరు, అవసరములు వేరు. పిల్లల బడిలో అందరును ఒకే యీడువారు, ఒకే మెట్టు మీద నిలిచినవారు. పెద్దల బడి అట్టిది కాదు. పిల్లవాడు రాని దినమున గురువు కబురు పంపును. పెద్దవాడు తనకు గౌరవము లేదని తోచిన దినమున ఎవరికిని చెప్పక లేచిపోవును.

మరి యిట్టివారి నందరిని ఒక్క తరగతిలో ఎట్లు నిలుపవలెను? నాకు తెలిసినంతవరకు మార్గ మొక్కటే. వారికి తెలియనిదానితో గాక, తెలిసినదానితో పాఠము మొదలు పెట్టవలెను.

నేను చూచిన ఒక తాపీపని తరగతిని గూర్చి చెప్పెదను. బోధకుడు యువకుడు, చదువుకొనినవాడు. గోడకు గోడ మూలమట్టముగా నుండుటను గూర్చి చెప్పుచు నల్లబల్లపై త్రిభుజము గీసి సూత్రము వ్రాసెను. వెనుక వరుసలోని మేస్త్రి ఆవులించెను. మరికొందరు కిటికీ వైపు చూచుచుండిరి. మరునాడు ఆ బోధకుడు, వివేకవంతుడు గావున, తరగతిని ఆరుబయటికి తీసికొనిపోయి దారపు ఉండ ఆ మేస్త్రి చేతికిచ్చి, "మేస్త్రీ గారూ, పునాదికి మూల ఎట్లు చూచెదరో మాకు చూపింపుడు" అని కోరెను. మేస్త్రి ఒక వైపున మూడడుగులు, రెండవ వైపున నాలుగడుగులు కొలిచి మేకులు పాతి, ఆ రెండు మేకుల నడుమ దారము లాగి, "ఇది అయిదడుగులు వచ్చిందంటే మూల సరిపోయినట్టేనండి" అనెను. అప్పుడు బోధకుడు నేలపై సున్నముతో గీసి, మూడు మూళ్లు తొమ్మిది, నాలుగు నాలుగులు పదునారు, రెండును కలిపిన ఇరువదియైదు, అయిదైదులు ఇరువదియైదు అని లెక్క విప్పి చెప్పెను. మేస్త్రి ముఖము వికసించినది. తన చేతిలో నిన్నాళ్లుగా నున్నది శాస్త్రమేనని ఆయనకు ఆ దినమున తెలిసినది. మన దేశమున శుల్బసూత్రముల నాటినుండియు యజ్ఞవేదికలు కట్టువారికి తెలిసిన లెక్కయే యిది.

ఆనాటి నుండి ఆ మేస్త్రి తరగతిలో సగము గురువైనాడు. తనకు రాని పని, అనగా ఇంటి నమూనా పటమును చదువుట, ప్రక్కనున్న పది తప్పిన కుఱ్ఱవాని వద్ద నేర్చుకొనెను. కుఱ్ఱవానికి తాపీ పట్టుట ఆయన నేర్పెను. వయస్సులు వేరైన వారిని ఇట్లు జతలుగా కూర్చుండబెట్టినచో, ఒకరి కొరత మరియొకరి బలముతో తీరును. అయితే జతలో పెద్దవారు చిన్నవారి వద్ద నేర్చుకొనునది యొకటి, నేర్పునది యొకటి తప్పక ఉండవలెను. ఒకరే నేర్పుచు మరియొకరే నేర్చుకొనుచున్నచో పెద్దవారి మనస్సు చిన్నబుచ్చుకొనును.

చదువు రానివానికి జ్ఞానము లేదనుట ఎంత తప్పో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు; పొందూరు వెళ్లినచో చాలును. అచ్చటి స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రపరచి, సన్నని యేకులు చేసి, రాట్నముపై నూరవ నెంబరు నూలు వడకుదురు. ఏ పత్తి ఎంత సాగునో, వేలి ఒత్తిడి ఎంత యుండవలెనో వారికి ఏ పుస్తకమును చెప్పలేదు. తల్లి ప్రక్కన కూర్చుండి కూతురు చూచినది, చేసినది, తప్పినది, మరల చేసినది. చూచి, చేసి, తప్పి, సరిదిద్దుకొనుట చేతిపనికి అనాదిగా వచ్చుచున్న పాఠ్యక్రమము. మన తరగతులలో ఉపన్యాస మెంతసేపు, చేతిపని యెంతసేపు అని గడియారము చూచి లెక్కించుకొనుడు. ఉపన్యాసమే ఎక్కువైనచో పాఠమును తిరుగవేయుడు.

ఇక భాష విషయము. సవర భాష తెలుగునకు బంధువు కాదు. అది ముండా భాషా కుటుంబమునకు చెందినది. సవర యువతి తెలుగు అర్థము చేసికొనును గాని, కొత్త యంత్రపు భాగముల పేర్లు, ప్రమాద సూచనలు వేగముగా తెలుగులో చెప్పినప్పుడు ఆమె తల ఊపునేగాని మరల అడుగదు. ఈ చిక్కును నూరేండ్లకు పైబడి ముందే గుర్తించిన మహనీయుడు మన ప్రాంతమువారే. శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863లో వంశధారా తీరమున, శ్రీముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. సవరలకు చదువు చెప్పదలచినపుడు, వారిని ముందు తెలుగు నేర్చుకొని రమ్మని ఆయన అనలేదు. తానే వారి భాష నేర్చుకొనిరి; ఆ భాషలో పుస్తకములు వ్రాసిరి; బడులు పెట్టించిరి. 1931లో సవర భాషా వ్యాకరణమును ప్రకటించిరి. బోధకుడు విద్యార్థి గుమ్మము వరకు నడచి వెళ్లవలెనను నీతికి ఇంతకు మించిన ఉదాహరణము నాకు తెలియదు. ఈ ప్రసంగమును పత్రిక కొరకు నేను పుస్తకభాషలోనికి మార్చి యిచ్చుచున్నందుకు వారుండినచో నన్ను మందలించియే యుందురు. తరగతిలో మాత్రము మీరు పుస్తకభాష నుపయోగింపకుడు. కొండ ప్రాంతముల తరగతులలో సవర తెలిసిన యువకుని ఒకనిని సహాయకునిగా పెట్టుకొనుడు. పనిముట్టు పేరు రెండు భాషలలోను పలికింపుడు.

ఇతర దేశములలోను ఈ విధమైన ప్రయత్నములు జరిగినవి. బ్రెజిల్ దేశమున పాలో ఫ్రేరీ అను విద్యావేత్త 1963లో ఆంజికోస్ అను ఊరిలో సుమారు మూడువందల మంది శ్రామికులకు నలుబది గంటలలో చదువ నేర్పు ప్రయత్నము చేసెను. ఆయన పద్ధతిలో అక్షరములు వరుసగా వల్లె వేయించుట లేదు. ఇటుక వంటి, పనివారు నిత్యము వాడుకొను మాటలను తీసికొని, వానిని గూర్చి వారిచేతనే మాటలాడించి, ఆ మాటలనుండి అక్షరములను విడదీసి చూపెను. మన దేశముననే రాజస్థానమునందలి తిలోనియాలో 1972లో ఏర్పడిన సంస్థ, చదువురాని గ్రామీణ స్త్రీలకు సౌరదీపములు కూర్చుట, బాగుచేయుట నేర్పినది. ఆఫ్రికా దేశములనుండి వచ్చిన స్త్రీలకును మన స్త్రీలకును ఉమ్మడి భాష లేదు. రంగులు, సైగలు, బొమ్మలే వారికి పాఠములైనవి. ఎఱ్ఱ తీగ ఎచ్చట, నల్ల తీగ ఎచ్చట అని చూపుటకు చదువు అక్కరలేదు గదా!

బోధకు లందరును గమనింపవలసిన చిన్న విషయ మొకటి కలదు, అది చత్వారము. నలుబది యేండ్లు దాటినవారికి దగ్గరి వస్తువులు మసకగా కనబడుట సహజము. నాకును వచ్చినది, అద్దములు లేనిదే ఈ కాగితమును చదువలేను. కుట్టు తరగతిలో నలుబదిరెండేండ్ల స్త్రీ సూదిలో దారము ఎక్కింపలేక తడబడుచున్నచో, "ఈమెకు పని అంటదు" అని తీర్మానింపకుడు. ఆమెకు కావలసినది తెలివి కాదు, కండ్లజోడు. అస్సాము తేయాకు తోటలలో నలుబది యేండ్లు దాటిన పనివారికి దగ్గరిచూపు అద్దము లిచ్చి పరిశీలింపగా, అద్దములు లేనివారి కంటె వారి పనితనము సుమారు 22 శాతము అధికముగా పెరిగినదని 2018లో ప్రకటింపబడినది. శిక్షణ మొదటి వారముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వారితో మాటలాడి కంటి పరీక్ష చేయించుడు. దీనికి వ్యయము స్వల్పము, ఫలము గొప్పది.

తరువాత కాలము సంగతి. తరగతుల తేదీలు కార్యాలయపు గోడమీది క్యాలెండరును చూచి గాక, ఊరి పనుల క్రమమును చూచి నిర్ణయింపవలెను. ఉభాల వేళ రైతుకూలీ తరగతికి రాడు. వచ్చినచో ఆతని యింట పొయ్యి వెలుగదు. ఉద్దానమున జీడి కోతల నెలలలో స్త్రీలకు క్షణము తీరిక యుండదు. తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధ ముండును. ఆ 61 దినములు మత్స్యకారులకు పని నేర్చుకొనుటకు తగిన కాలము. పొరుగూళ్లకు వలస వెళ్లినవారు సంక్రాంతికి ఇండ్లకు వత్తురు. కొత్త తరగతులకు పేర్లు వ్రాయించుటకు ఆ వారమును మించిన సమయము లేదు. వారపు సంత నాడు కొండవారిని తరగతిలో కూర్చుండుమనుట వృథా ప్రయాస. ఆఖరి బస్సు వెళ్లిన తరువాత తరగతి విడిచినచో, మరునాడు స్త్రీలు కనబడరు. తరగతి గది దూలమునకు చీరతో ఉయ్యాల కట్టుటకు వీలు కల్పించినచో, చంటిబిడ్డ తల్లియు చదువు మానదు.

పెద్దవాడు ఒక దినము తరగతిలో కూర్చుండిన, ఆ దినపు కూలి పోవును. ఈ యిబ్బందిని గుర్తించిన ఏర్పాట్లు కొన్ని కలవు. 1982లో కర్ణాటకమునందలి ఉజిరెలో ఆరంభమైన పద్ధతి ననుసరించి బ్యాంకుల ద్వారా నడుచు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలలో శిక్షణయు, భోజన వసతులును ఉచితము. శిక్షణ ముగిసిన పిమ్మట రెండేండ్ల వరకు అభ్యర్థులకు చేయూత నిచ్చుట ఆ పద్ధతిలో ముఖ్యాంశము. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకము 18 చేతివృత్తులకు వర్తించును. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తాపీమేస్త్రి, దర్జీ, పడవల తయారీదారు, వలల తయారీదారు అందులోని వారే. శిక్షణ కాలమున దినమునకు 500 రూపాయల భత్యమును, పనిముట్ల కొరకు 15,000 రూపాయల వరకు సహాయమును అందులో నిర్ణయించినారు. 2022 నుండి 2027 వరకు నిర్దేశింపబడిన నవభారత సాక్షరతా కార్యక్రమమున 15 యేండ్లు పైబడినవారికి చదువుతోపాటు వృత్తి నైపుణ్యమును చేర్చినారు. ఈ ఏర్పాట్లను గూర్చి ఊరిలో చాటింపు వేయించుట, దరఖాస్తు నింపుటలో తోడ్పడుట గ్రామ పెద్దలైన మీ బాధ్యత. చదువురాని వానికి దరఖాస్తు కాగితమే మొదటి గోడ.

గ్రామ పెద్దలకు మరియొక మనవి. శిక్షణ పొంది వచ్చిన స్త్రీకి బడిపిల్లల దుస్తులు కుట్టు పని ఒకటి అప్పగింపుడు. నేర్చుకొనినవానిచేత పంచాయతీ మోటారు బాగు చేయింపుడు. నేర్చిన పని ఆరు నెలలు చేయక యున్నచో చేయి మరచును. ధ్రువపత్రము పెట్టెలో నుండును గాని పొయ్యిమీద కుండను నింపదు.

ఇక నేను మొదట చెప్పిన అమ్మ సంగతి మీరు అడుగదలచియుందురు. నేను జరిగినదంతయు ఆ తరగతి బోధకురాలికి చెప్పితిని. ఆమె నొచ్చుకొని, తానే స్వయముగా వెళ్లి ఆ అమ్మను పిలిచికొని వచ్చినది. నాటినుండి హాజరు పట్టీని అందరి యెదుట పెట్టుట మానివేసి, ఒక్కొక్కరి వద్దకు తానే తీసికొనిపోవుచుండెను. ఆ అమ్మకు కొలబద్ద మీది అంకెలు రావు గాని జాన, బెత్తెడు, మూర చేతిలోనే యున్నవి. బోధకురాలు ఆమె జాన ఎన్ని అంగుళములో టేపు మీద గుర్తు పెట్టి చూపినది. అంకెలు అట్లు పరిచయమైనవి. గుడ్డపై సుద్దతో గీతలు గీయుట వచ్చిన చేతికి, అదే సుద్దతో పేరు గీయుట నేర్పినది. కొన్ని వారములకు ఆ అమ్మ తన పేరును గుడ్డమీద దారముతో కుట్టినది.

తరగతి ముగింపు దినమున నేను మరల వెళ్లితిని. ఈ పర్యాయము ఛాయాచిత్రము తీయవచ్చునా యని ముందుగా అనుమతి అడిగితిని. ఆమె నవ్వి, తాను కుట్టిన రవికెను విప్పి నా ముందు పరచి, "నా మొకం ఎందుకు బాబూ, ఇదిగో, దీన్ని తియ్యండి" అన్నది. దానినే తీయించితిని. నేను తీయించిన ఛాయాచిత్రములలో నాకు మిక్కిలి యిష్టమైనది అదియే.

బోధకులారా, రేపు ఉదయమున మీ తరగతిలోనికి అడుగుపెట్టినపుడు, "మీకు ఏమి రాదు?" అని మొదట అడుగకుడు. "మీకు ఏమి వచ్చును?" అని అడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పనివారు మన పల్లెలలో ఒక్కరును ఉండరు.